ఇరవైకి పదహారు

తొమ్మిదయింది. మాస్టారు తలుపు గడియ వేసి, కుర్చీ చప్పుడు కాకుండా లాక్కుని కూర్చున్నారు. ఫోను ఆపాను, సంచీలో పెట్టాను, సంచీ గోడవారన పెట్టాను, అయినా మనసొప్పక ఇందాకే మళ్ళీ లేచి వెళ్ళి అది నిజంగా ఆగిందో లేదో చూసొచ్చాను, మోగితే కాగితం తీసేసుకుంటారు కదా, రెండో పేజీలో ఆరో నిబంధన. పెన్సిళ్ళు రెండున్నాయి. రబ్బరు లేదు, రబ్బరు తేకూడదు, తప్పు రాస్తే ఒక్క గీతతో కొట్టేసి కింద మళ్ళీ రాయాలి, తప్పు కూడా కనబడాలి అంటారాయన. ఇరవై లెక్కలు, అరవై నిమిషాలు, ఇరవైకి పదహారు వస్తే కోర్సు గట్టెక్కినట్టు, పదిహేనొస్తే ఆరు నెలల చదువూ మళ్ళీ మొదటినుంచి. సగం ఒప్పుకి సగం మార్కు ఇచ్చే అలవాటు ఆయనకి లేదు. ఇది నాకు రెండో అవకాశం. మూడోది లేదు, అడగవద్దు, అని నిబంధనల్లోనే రాసిపెట్టారు, ఎవరో ఒకరు అడుగుతారని ముందే తెలిసినట్టు. సరే, అడగను. ఒకటో లెక్క, బ్రాకెట్లు విప్పమన్నారు. విప్పుతాను.

విప్పడం అంటే ఏమిటో తెలియని రోజు ఎంతో వెనక్కి లేదు, ఇదే గదిలో, ఇదే కిటికీ పక్కన. మొదటి రోజు చాక్‌పీసు ముట్టుకోలేదాయన. మధ్యస్థాయి ఆల్జీబ్రా, నియమాలు, మీ నుంచి ఆశించేవి, అని పైన అచ్చువేసిన నాలుగు పేజీలు అందరికీ పంచి, మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా తానే చదివారు, గొంతు ఎక్కడా పెంచకుండా, తగ్గించకుండా. పది నిమిషాలు దాటి వస్తే తలుపు తీయబడదు. మూడు గైర్హాజర్లు దాటితే పేరు కొట్టేయబడుతుంది. కాలిక్యులేటరు తేకూడదు. జవాబు ఒక్కటే రాసి ఎలా వచ్చిందో రాయకపోతే ఆ జవాబు లేనట్టే. మీ ఇంట్లో కష్టాలు విని నేను బాధపడతాను, మార్కులు మాత్రం వేయను. అక్కడ వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు, ఆయన ఆగి, ఆ వాక్యం మళ్ళీ చదివారు. చివర్లో, వారానికి పన్నెండు గంటలు ఈ కోర్సుకి ఇవ్వలేనివాళ్ళు ఇప్పుడే వెళ్ళిపోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు, అన్నారు. ముగ్గురు లేచి వెళ్ళిపోయారు, నిజంగానే ఎవరూ ఏమీ అనుకోలేదు. నేనూ తలుపు వంక చూశాను. పన్నెండు గంటలు ఎక్కడినుంచి తేను, బస్సులో నాలుగు, వంటింట్లో మూడు, మధ్యాహ్నం షాపులో జనం లేనప్పుడు రెండు, మిగతా మూడూ ఆదివారం మీద వేద్దాం అనుకుంటూ కూర్చుండిపోయాను. లెక్క కుదిరేసరికి తలుపు మూసేశారు. ప్రతి పేజీ కిందా, చదివి అర్థం చేసుకున్నాను, అని సంతకం పెట్టమన్నారు. నాలుగు సంతకాలు. పెళ్ళప్పుడు కూడా నేను ఒక్కటే పెట్టాను.

రెండు అయింది, మూడు అయింది. నాలుగోదాంట్లో భిన్నాలు, కింద ఉన్నవి ఒకటి చేయాలి, తొందరపడకు, తొందరపడితే గాజు పగులుతుంది, కాదు, ఇది గాజు కాదు. ఆ నాలుగు పేజీలూ నా కూతురు ఫ్రిజ్ తలుపుకి అంటించింది, చదువుకోమని కాదు, నన్ను ఆటపట్టించడానికి. షాపు నుంచి వచ్చి ఉసూరుమంటూ కూర్చుంటే, అమ్మా, పది నిమిషాలు దాటి వచ్చినవారికి కాఫీ ఇవ్వబడదు, అంటుంది. అది ఎనిమిదో తరగతిలో నేర్చుకున్న లెక్కలు నాకు నలభై మూడో ఏట నేర్పింది, చిలక్కి చెప్పినట్టు, ఒక్కోసారి విసుక్కుని, ఒక్కోసారి నా తల నిమిరి. ఎక్స్ అంటే ఏమిటే అంటే, తెలియనిదమ్మా, అంది. తెలియనిదాన్ని పట్టుకుని కూడికలెలా చేస్తారే అంటే, నువ్వు రోజూ నాన్నతో కాపురం చేయట్లేదా, అంది. వాళ్ళ నాన్న అక్కడే ఉండి, అన్నీ విని, పేపరు తిప్పారు. భిన్నం కుదిరింది. ఐదు.

మావారు, మరిది, నేను, ముగ్గురం కలిసి నడిపే అద్దాల షాపు మాది. మావారు పెద్ద మేడల మీదికెక్కి అద్దాలు బిగిస్తారు, మాట్లాడే పనంతా మరిదిది, కోయడం, రాయడం నాది. రాయడమంటే తలుపు అద్దాల మీద పేర్లు. పంటి డాక్టరు, కిందే పని వేళలు, వకీలు, ఫొటో స్టూడియో. రంగు వానకి పోకుండా గాజుకి లోపలివైపు నుంచి రాస్తాం, బయటినుంచి చదివేవాళ్ళకి సరిగ్గా కనబడాలంటే లోపలినుంచి తిరగేసి రాయాలి, చివరి అక్షరంతో మొదలుపెట్టి. ఇరవై ఏళ్ళు అలా రాశాను. నా చేతికి తిరగేసి రాయడమే తిన్నగా రాయడం. తర్వాత యంత్రం కోసిచ్చే స్టిక్కర్లు వచ్చాయి, పేర్లు రాయించుకునేవాళ్ళు పోయారు. ఆ తర్వాతి ఏడాది, వాన పడ్డ రోజున, ఒక పెద్ద గాజు పలక నా చేతిలోంచి జారింది. ఎడమ మణికట్టు లోపల ఏదో తెగింది, రెండు వేళ్ళు ఇప్పటికీ మూసుకోవు. అన్నం పళ్ళెం కన్నా బరువైంది ఎత్తొద్దన్నాడు డాక్టరు. అప్పటినుంచి షాపులో నా పని కౌంటరు వెనక కూర్చోవడం, దుమ్ము తుడవడం, ఎవరైనా వస్తే లోపలికి కేకేయడం. రెండేళ్ళు తుడిచాను. తుడిచిందే మళ్ళీ తుడుస్తుంటే నేనంటే నాకే ఒళ్ళు మండేది.

ఎనిమిది. వర్గమూలం గుర్తు కింద మైనస్ ఉంది, ఉంటే భయపడక్కర్లేదు, దానికో పద్ధతుంది. మా అమ్మాయికి కళ్ళజోడు చేయించడానికి వెళ్ళినప్పుడు ఆ షాపు వెనక గదిలో ఒకావిడ యంత్రం ముందు కూర్చుని ఉంది, సన్నటి నీటి ధార కింద చిన్న అద్దం తిరుగుతోంది, రూపాయి బిళ్ళ కన్నా కాస్త పెద్దది. నేను కౌంటరు దాటి లోపలికి వెళ్ళిపోయాను, ఎవరూ పిలవకుండానే. ఆవిడ నన్ను గసరలేదు. నా చేతిలో ఒక కటకం పెట్టింది. ఎంత తేలిక అంటే, ఏడుపొచ్చింది నాకు, గాజు పనే, కానీ నా చేయి మోయగలిగే గాజు. ఈ పనికి ఏం చదవాలని అడిగితే ఏడాది డిప్లొమా అంది, దానికి సీటు కావాలంటే కాలేజీలో మధ్యస్థాయి ఆల్జీబ్రా పాసై ఉండాలంది. అద్దానికి ఆల్జీబ్రా ఎందుకండీ అన్నాను. "మైనస్ అయితే ఒకలా అరగదీయాలి, ప్లస్ అయితే ఇంకోలా. ఆ గుర్తు తప్పిందనుకోండి, పెట్టుకున్న మనిషి మెట్టు లేనిచోట మెట్టుందనుకుని అడుగేస్తాడు," అందావిడ, కటకం వెలుతురుకి ఎత్తి చూస్తూ. ఆ డిప్లొమావాళ్ళు నాకు ఒక సీటు ఆపారు. రేపు సాయంత్రం దాకా ఆపుతారు. ఇవాళ పదహారు వస్తే రేపు పొద్దున్నే వెళ్ళి పాసైనట్టు కాగితం చూపించాలి. తొమ్మిది, పది. పదకొండు కాస్త సతాయించింది గాని వచ్చింది. పన్నెండు రాదు, నాకు తెలుసు, దాని జోలికి వెళ్ళను, ముందుకి.

పదమూడు సంఖ్యారేఖ. ఇక్కడే పోయిన నెలలో మట్టి కరిచాను. మొదటి అవకాశంలో పన్నెండొచ్చాయి. మాస్టారు తన గదికి పిలిచి నా కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు చూశారు. అసమీకరణాలన్నీ తిరగబడ్డాయి, పెద్దది అన్నచోట చిన్నది, సంఖ్యారేఖ మీద ప్లస్‌లన్నీ ఎడమకి, మైనస్‌లన్నీ కుడికి. నాలుగు లెక్కలు, నాలుగూ అంతే. ఏం పని చేస్తారమ్మా మీరు, అని అడిగారు. చెప్పాను. ఆయన లేచి కాగితాన్ని కిటికీకి ఆనించి, వెనకనుంచి వెలుతురులో చూశారు. "ఇవి తప్పులు కావమ్మా. అద్దంలో పెట్టి చూస్తే ఒప్పులే," అన్నారు. మరి మార్కులు, అన్నాను, ఆశ చావక. "అద్దంలో ఒప్పుకి మార్కుల్లేవు." అక్కడ నవ్వొచ్చింది, బస్సెక్కాక ఏడుపొచ్చింది. ఆ నాలుగూ ఉంటే ఆ రోజే పదహారయ్యేది. ఇంటికొచ్చి అమ్మాయికి చెబితే అది గోడ మీద మొసలి బొమ్మ గీసింది, నోరు పెద్ద అంకె వైపు తెరుస్తుందమ్మా, ఎప్పుడూ పెద్ద అంకె వైపే, అని. అన్నం వండుతూ మొసలి, కూర తరుగుతూ మొసలి. బస్సు కిటికీ మీద ఊదిన ఆవిరిలో గుర్తులు వేసుకుంటూ, తిప్పకు, తిప్పకు, అని నా చేతికి నేనే చెప్పుకుంటూ మూడు వారాలు. పక్కసీటావిడ ఒకరోజు లేచి వేరే సీటుకి వెళ్ళిపోయింది. పోనీ.

ఇప్పుడు సరిగ్గా గీశాను, ప్లస్ కుడికి. పక్క బెంచీలో పిల్ల వేళ్ళు విరుచుకుంటోంది, ఒక్కోటీ టక్కుమంటూ. దాని కాగితం వంక చూడకు, మూడో పేజీలో నిబంధన. గోడ గడియారంలో ముప్పై నాలుగు నిమిషాలయ్యాయి. షాపులో ఇప్పుడు మరిది ఏం చేస్తుంటాడో. ఇవాళ షట్టరు తానే ఎత్తాల్సి వచ్చిందని పొద్దున మొహం మాడ్చుకున్నాడు, పదేళ్ళుగా తాళాలు నా దగ్గరే, ఎనిమిదిన్నరకి తెరిచేది నేనే. చెడ్డవాడు కాడు. గాజు పలక జారిన రోజు నన్ను చేతులమీద ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తింది వాడే, చొక్కా అంతా నా రక్తంతో. అదే మనిషి మొన్న ఆదివారం భోజనాల దగ్గర, "ఇదే ఆఖరుసారి కదా వదినా? తర్వాత నిశ్చింతగా షాపు చూసుకుందువుగాని," అన్నాడు, మెత్తగా, నా మంచి కోరినట్టే. మావారు పళ్ళెంలోకి చూశారు. అమ్మాయి నా వంక చూసింది. నేను ఊ అనలేదు, ఊహూ అనలేదు, వాడికి ఇంకొంచెం కూర వడ్డించాను. వద్దులే వదినా అంటూనే తిన్నాడు. అప్పుడేమీ అనకపోవడం ఇప్పుడు గుచ్చుకుంటోంది. ఏమైనా అనడానికి పదహారు కావాలనుకున్నాను. పదహారు చూపించి మాట్లాడదామనుకున్నాను.

పద్నాలుగు, తోట పొడవు వెడల్పులు, రెండు జవాబులొచ్చాయి, ఒకటి మైనస్, తోటకి మైనస్ పొడవుండదు కాబట్టి కొట్టేయాలి, ఎందుకు కొట్టేశానో మాటల్లో రాయాలి, రాశాను. పదిహేను. పదహారు. పదిహేడులో, మైనస్ మూడు ఎక్స్ ప్లస్ ఐదు, ఇరవై కన్నా తక్కువ. ఐదుని అవతలికి పంపు, మైనస్ మూడు ఎక్స్, పదిహేను కన్నా తక్కువ, భాగించు, చేయి మెలిక తిరగబోయింది, తిప్పకు, తిప్పకు, ఆపాను, రాశాను, దాటాను. ఆగితే ఆలోచన వస్తుంది, ఆలోచన వస్తే అనుమానం వస్తుంది. పద్దెనిమిది. పంతొమ్మిది బాగుంది, అన్నీ కొట్టేసుకుపోయి చివరికి ఒక్క రెండు మిగిలింది, ఇన్ని అంకెలు పోయి ఒక్కటి మిగిలితే వచ్చే హాయి ఇంకెక్కడా దొరకదు నాకు, ఇది ఎవరికైనా చెబితే పిచ్చిదంటారు. ఇరవైలో రెండు రైళ్ళు. రైళ్ళతో నాకు పడదు. రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ గీత కొట్టాను. యాభై ఆరు నిమిషాలు. మొత్తం పద్దెనిమిది చేశాను, రెండు పోయినా గట్టెక్కుతాను. లేస్తాను.

కాగితం ఇచ్చినవాళ్ళకి అక్కడికక్కడే దిద్దుతారాయన, మనం బల్ల ముందు నిలబడాలి. దిద్దాక కాగితం మనవైపు తిప్పుతారు. కింద అచ్చులో ఒక వాక్యం ఉంటుంది, మార్కులు సరిచూసుకున్నాను, పొరపాటు ఉంటే నాకు లాభమైనా నష్టమైనా చెప్పాను, అని. దాని కింద సంతకం. సంతకం పడ్డాక ఆ కాగితం బీరువాలోకి వెళ్ళిపోతుంది, దేవుడు దిగొచ్చినా బయటికి రాదు. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. ఎడమ అద్దం మీద అడ్డంగా సన్నటి గీత, నాకు ఇక్కడినుంచే కనబడుతోంది, ఎన్నాళ్ళనుంచి ఆ గీతలోంచి చూస్తున్నారో. పెన్సిలు కదిలింది. ఒకటి, రెండు, మూడు, ఒప్పు గుర్తుకి పెన్సిలు పైకి లేస్తుంది, తప్పుకి లేవదు. ఆరో లెక్క దగ్గర లేవలేదు. పన్నెండు ఖాళీ. పదమూడు లేచింది. పదిహేడు దగ్గర ఆయన ఓ క్షణం వంగి, లేపారు. పద్దెనిమిది లేవలేదు. ఇరవై కొట్టేశారు. కూడారు. పైన మూలలో పదహారు అని రాసి, చుట్టూ సున్నా చుట్టి, కాగితం నావైపు తిప్పారు.

పదహారు. పదహారండీ. ఇంట్లో ఫ్రిజ్ తలుపు, అమ్మాయి మొహం, నీటి ధార కింద తిరుగుతున్న అద్దం, రేపు పొద్దున ఏ చీర కట్టుకోవాలో కూడా తోచింది. పెన్సిలు చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు కళ్ళు వాటంతటవే కిందికి వెళ్ళాయి. ఇరవై ఏళ్ళ అలవాటు, తలుపు మీద పేరు రాయడం అయ్యాక వీధిలోకి వెళ్ళి, దారినపోయే మనిషిలా నిలబడి, బయటినుంచి మొత్తం ఒకసారి చదవకుండా బ్రష్షు కడిగేదాన్ని కాను. అలా చదివాను. పదిహేడు దగ్గర ఆగిపోయాను. మైనస్ మూడుతో భాగించాను. మైనస్‌తో భాగిస్తే గుర్తు తిప్పాలి. ఈ చదువు మొత్తంలో తిప్పాల్సిన చోటు అదొక్కటే, నా చేయి తిప్పబోయింది కూడా, నేనే పట్టుకుని ఆపాను. ఎక్స్, మైనస్ ఐదు కన్నా చిన్నది, అని రాసి ఉంది. పెద్దది అని ఉండాలి. పక్కనే ఆయన వేసిన ఒప్పు గుర్తు. చాలా అందమైన ఒప్పు గుర్తు.

సంతకం పెట్టు. ఆయన దిద్దిందే కదా, నువ్వు దొంగిలించలేదు కదా. అద్దంలో ఒప్పుకి మార్కులు పోగొట్టుకున్నావు, ఇది దానికి చెల్లు. రేపు సాయంత్రం దాటితే సీటు వేరేవాళ్ళకి. మరిది మెత్తగా, పోనీలే వదినా, అంటాడు. దుమ్ము గుడ్డ కౌంటరు కింద అరలో మడతపెట్టి ఉంది. ఇవన్నీ నిజమే, ఒక్కటీ అబద్ధం కాదు. కానీ కళ్ళజోళ్ళ షాపులో ఆవిడ కటకం వెలుతురుకి ఎత్తి చూసింది చూడు, అలా ఎత్తి చూసేటప్పుడు పక్కన సరిచూసేవాళ్ళు ఎవరూ లేరు. మైనస్సో ప్లస్సో చూసుకోవాల్సింది ఆవిడొక్కతే. నేను వెళ్దామనుకుంటున్నది ఆ కుర్చీలోకి. మెట్టు లేనిచోట అడుగేసే మనిషికి నేనేం చెప్తాను, మా మాస్టారు ఒప్పన్నారండీ అని చెప్తానా.

"మాస్టారూ, పదిహేడు ఒకసారి చూడండి."

"చూశానమ్మా. ఒప్పే."

"మైనస్ మూడుతో భాగించానండీ. గుర్తు తిప్పాలి. తిప్పలేదు."

ఆయన కళ్ళజోడు తీసేసి, కాగితం ముక్కు దగ్గరకి తెచ్చుకుని చూశారు. వెనక ఎవరో కుర్చీ జరిపారు. "తిప్పలేదు," అన్నారు చివరికి. ఒప్పు గుర్తుని ఒక్క గీతతో కొట్టేశారు. పైన పదహారుని ఒక్క గీతతో కొట్టేసి, కింద పదిహేను రాశారు. ఆ అంకె రాయడానికి ఆయనకి మామూలు కన్నా ఎక్కువసేపే పట్టింది.

"మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదమ్మా."

"నాకు తెలిసేది కదండీ."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "మూడో అవకాశం..." అన్నారు, నిబంధనల కాగితం వంక చూస్తూ.

"లేదండీ. తెలుసు. అడగను. కొత్త బ్యాచ్ ఎప్పుడు?"

"వచ్చే సోమవారం. ఈసారి మధ్యాహ్నం క్లాసు తీసేశారు, పొద్దున ఎనిమిదిన్నరకే. మీకు షాపు ఉంది కదా, కుదురుతుందా?" అని, మళ్ళీ, "కుదిరించుకోండమ్మా," అన్నారు. ఆ నాలుగు పేజీల్లో లేని మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి.

సంతకం పెట్టాను. గోడవారన సంచీ తీసుకుని వరండాలోకి వచ్చేసరికి కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు, ఏడవాల్సిందే కదా, ఏడాది పోయింది, చేతిలోకొచ్చిన సీటు పోయింది. పక్క బెంచీ పిల్ల వేళ్ళు విరుచుకుంటూ నా పక్కనుంచి వెళ్ళిపోయింది. కళ్ళద్దాల డిప్లొమావాళ్ళ దగ్గరికి ఇప్పుడే వెళ్ళి చెప్పేయాలి, రేపటిదాకా వాళ్ళని కాచుకోనివ్వకూడదు, వచ్చే ఏడాదికి పేరు రాసుకోమని కూడా అక్కడే నిలబడి అడగాలి. రైళ్ళు నేర్చుకోవాలి, ఈసారి రైళ్ళని వదలకూడదు. పన్నెండోదాన్ని కూడా. పదహారు కోసం చదవకూడదు, ఇరవై కోసం చదవాలి. ఫోను తెరిచాను. తెరవగానే మోగింది, మరిది.

"వదినా, అయిందా? ఎంతొచ్చింది?"

"పదిహేను."

అటువైపు గాజు మీద కోత చక్రం గీసుకుంటూ పోతున్న చప్పుడు వినబడింది. "పోనీలే వదినా, బాధపడకు, నువ్వు చేయాల్సింది చేశావు. వచ్చెయ్, నీ కాఫీ పక్కన పెట్టిస్తాను," అన్నాడు. వాడి గొంతులో ప్రేమా ఉంది, అమ్మయ్య అనుకోవడమూ ఉంది, రెండూ నాకు వినబడ్డాయి.

"వస్తాను, మధ్యలో ఒకచోట పని చూసుకుని. సోమవారం నుంచి మాత్రం షట్టరు నువ్వే ఎత్తుకోవాలి. ఎనిమిదిన్నరకి నాకు క్లాసు. ఆరు నెలలు."

"అదేంటి వదినా, ఇదే ఆఖరుసారి అనుకున్నాం కదా."

"అనుకున్నది నువ్వు," అన్నాను.